బుధవారం ఒడి

రెంబాంగ్,
12 ఏప్రిల్ 1971

అక్కయ్యకు,

ఇక్కడ అందరం లేచి తిరుగుతూనే ఉన్నాం, మంచమెక్కినవాళ్ళు లేరు. నువ్వూ అలాగే ఉన్నావనుకుని మొదలుపెడుతున్నాను. నీ ఉత్తరం వచ్చి నెల దాటిందని తెలుసు. తిట్టుకో, కానీ చివరిదాకా చదువు.

పడవలు తక్కువగా వెళ్తున్నాయి, అందుకని మా ఆయనకి ఇంజన్లు బాగుచేసే పని కూడా తగ్గింది. ఇంట్లో కూర్చుని ప్రతిదానికీ వంకలు పెడుతున్నారు. ఈసారి ఎండుచేపకి ఉప్పు బాగా పట్టింది. రెండు కట్టలు బస్సు కండక్టరు చేత పంపిస్తాను. పోయినసారి పంపినవాటికి పురుగు పట్టిందన్నావు. అది నా తప్పు కాదు, మీ సెమరాంగ్‌లో చెమ్మ ఎక్కువ.

మరో సంగతి. మా పిల్ల రెత్నో పేరు మార్చాం. రెత్నో పుష్పవతి అనే పేరు ఆరేళ్ళ పిల్ల మోయలేనంత బరువని అత్తగారి నిశ్చయం. తోలుబొమ్మలాటలో రాణిగారి పేరు విని మురిసిపోయి పెట్టారు ఈయన. పిల్లకి ఈ జబ్బులన్నీ ఆ పేరు ఫలితమే అంటుంది ఆవిడ. దీవెనకని తాటిబెల్లం వేసి ఎర్రజావ, వెయ్యకుండా తెల్లజావ వండి, చుట్టుపక్కల పదిళ్ళవాళ్ళని పిలిచి, ఇవాళ్టినుంచి ఇది సమినెం అని, వీధికొకరికి ఉండే ఆ పల్లెటూరి పేరు చెప్పించింది. నిన్ను పిలవలేదని కోపం తెచ్చుకోకు, రెండు రోజుల్లో అయిపోయింది.

పిల్లకి నెలనెలా జ్వరం, గొంతునొప్పి, మింగలేకపోవడం. ఎప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది. నిద్రలో గురక. ఒక్కోసారి ఊపిరి ఆగి మళ్ళీ వస్తుంది. బడిలో పిలిస్తే పలకదట. ములియాది మాస్టారు ఇంటికొచ్చి, "డిసెంబరు పరీక్షకి దీన్ని కూర్చోబెట్టనమ్మా, మీరే మానిపిస్తే మర్యాదగా ఉంటుంది" అని చెప్పి వెళ్ళారు. కొత్త పేరుకి కూడా పలకడం లేదు. పేరింకా అతకలేదని, నెల చూసి ఇంకా తేలికైన పేరు పెడదామని అత్తగారు అంటోంది. సమినెం కంటే తేలికైన పేరు ఏముంటుందో నాకైతే తోచడం లేదు.

నీ చెల్లెలు
రుస్మిని


సెమరాంగ్,
20 ఏప్రిల్ 1971

రుస్మినీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎండుచేపకి ఒక పేరా, పిల్ల ఊపిరి ఆగడానికి ఒక్క వాక్యం. నీకు బుద్ధి ఎప్పుడొస్తుందో నాకు తెలియదు.

చెవి ముక్కు గొంతు వార్డులో పదమూడేళ్ళుగా నర్సుగా చేస్తున్నదాన్ని నేను. నన్ను అడగాలని మీ ఇంట్లో ఒక్కరికీ తట్టలేదా? పేర్లు మీ ఇష్టం, పది పెట్టుకోండి. ముందు నేను చెప్పినట్టు చెయ్యి.

పిల్ల గోడవైపు తిరిగి ఆడుకుంటున్నప్పుడు వెనక నాలుగడుగుల దూరంలో నిలబడు. నీ నీడ దాని ముందు పడకూడదు. నడిచినప్పుడు నేల అదరకూడదు. డబ్బాలో గుప్పెడు బియ్యం పోసి మెల్లగా గలగలలాడించు. తర్వాత మామూలు గొంతుతో, అరవకుండా, దానికి ఇష్టమైన తిండి పేరు చెప్పి కావాలా అని అడుగు. అది తిరిగిందా లేదా, ఎన్నిసార్లకి తిరిగింది, ఏ చెవి వైపు తిరిగింది, అంతా రాయి. అలాగే దీపం తెచ్చి నోరు తెరిపించి చూడు. గొంతులో రెండువైపులా ఉబ్బిన ముద్దలు ఒకదాన్నొకటి తాకుతున్నాయా చూడు.

చేసి రాయి. అనుకున్నదీ, అత్తగారు అన్నదీ నాకు వద్దు.

వుర్యాని


రెంబాంగ్,
2 మే 1971

అక్కయ్యా,

చేశాను. ఐదు రోజులు ఐదుసార్లు చేశాను, మొదటిసారి నేనే సరిగ్గా చెయ్యలేదేమో అనుకుని.

బియ్యం డబ్బాకి తిరగలేదు. కొబ్బరి బూరెలు కావాలా అని అడిగితే తిరగలేదు. నేను ఇంకా దగ్గరికి వెళ్ళాను, ఒక చెయ్యి చాపితే జడ అందేంత దగ్గరికి. అక్కడ అడిగినా తిరగలేదు. చివరికి నా ఒంటి వాసనకో ఏమో తలెత్తి, నా మొహం చూసి, "ఏంటమ్మా" అంది. అప్పుడు అదే మాట మొహం ఎదురుగా అడిగితే కావాలంది. అది నా మాట వినడం లేదక్కా, నా పెదవులు చూస్తోంది. రెండేళ్ళుగా అలాగే నెట్టుకొస్తోందేమో.

గొంతులో నువ్వు చెప్పినట్టే ఉంది. రెండు ముద్దలూ కలిసిపోయాయి. మెతుకు దిగే దారి కూడా కనిపించలేదు.

నీకు చెప్పనిది ఒకటుంది. పిలిస్తే పలకడం లేదని దాన్ని కొట్టాను. ఒకసారీ రెండుసార్లూ కాదు. చెంప మీద, వీపు మీద. పొగరు అనుకున్నాను. కొట్టినప్పుడు అది ఎందుకు అని కూడా అడిగేది కాదు, నా నోటివైపే చూస్తూ ఉండేది. ఏమంటానో తెలుసుకోవడానికే చూసిందని ఇప్పుడు అర్థమవుతోంది. ఈ చెయ్యి నరుక్కోవాలనిపిస్తోంది. ఇంట్లో ఎవరితోనూ ఈ మాట అనలేదు. నీకు రాయకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

ఇది చెవుడా? ఎప్పటికీ ఇంతేనా? వెంటనే రాయి.

రుస్మిని


సెమరాంగ్,
9 మే 1971

రుస్మినీ,

ఏడుపు ఆపి ఇది జాగ్రత్తగా చదువు. ఇది పుట్టుచెవుడు కాదు, పోయే చెవుడు.

ముక్కు వెనక నుంచి చెవిలోకి సన్నటి దారి ఉంటుంది. కొందరు పిల్లలకి అక్కడ కండ పెరుగుతుంది, ఎడినాయిడ్లు అంటారు. అవి పెరిగితే ముక్కూ మూసుకుంటుంది, ఆ దారీ మూసుకుంటుంది. చెవిలో జిగురు నీరు నిలుస్తుంది. చెరువులో మునిగినవాడికి గట్టు మీద మాటలు ఎలా వినిపిస్తాయో మీ పిల్లకి మనందరి మాటలూ అలా వినిపిస్తున్నాయి. ఆ కండ గీసేసి, గొంతులోని టాన్సిల్స్ తీసేస్తే గురక పోతుంది, జ్వరాలు పోతాయి. చెవులు కొన్ని వారాల్లో తెరుచుకుంటాయి. డిసెంబరు పరీక్షకి బోలెడంత సమయం ఉంది.

బుధవారాలు మా దగ్గర టాన్సిల్స్ రోజు. భయపడేదేమీ లేదు. పిల్లని దుప్పట్లో చుట్టి నర్సు ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. చేతులు, కాళ్ళు, తల కదలకుండా పట్టుకుంటుంది. మందు చల్లిన గుడ్డ ముక్కు దగ్గర పెడితే నాలుగు ఊపిరులు పీల్చేసరికి మత్తు వస్తుంది. డాక్టర్ సుబెక్తిగారి చెయ్యి చాలా వేగం. పాటలో ఒక చరణం పాడేలోపు అయిపోతుంది. తర్వాత ఐసు చప్పరించడమే. ఆ పట్టుకునే నర్సుని నేనే. ఈ ఒళ్ళో ఎన్ని వందల మంది కూర్చున్నారో లెక్క లేదు.

జూలై 7 బుధవారం. ముందు రోజు బయలుదేరి మా గదికి వచ్చెయ్యండి. నువ్వూ పిల్లా చాలు. మీ అత్తగారిని తీసుకురాకు. గది చిన్నది.

వుర్యాని


రెంబాంగ్,
6 జూన్ 1971

అక్కయ్యా,

నీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను.  ఆయన లేచి వెళ్ళి పిల్ల ఎదురుగా కూర్చుని, నోరు బాగా తెరిచి, ఒక్కొక్క మాట మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. ఇప్పుడు రోజూ అదే.

అత్తగారు ఒప్పుకుంది. ఒప్పుకోవడమంటే ఆవిడ పద్ధతిలో. జూలై 7 మామగారు పోయిన తిథి కాదని చూసుకుని, సరే అంది. కానీ తను రాకుండా కదలనివ్వనంటోంది. "నా మనవరాలి గొంతులో కత్తి పెడుతుంటే నేను ఇక్కడ కూర్చుని చేపలు తోమాలా? గది చిన్నదైతే గుమ్మంలో పడుకుంటా" అంది. ఎన్ని విధాల చెప్పినా వినలేదు. గది చిన్నదని నేనూ నమ్మలేదక్కా. పోయిన ఏడు మేం ఐదుగురం పడుకున్న గదే కదా అది.

ఇంకో మాట. పక్కింటి జుమిరా కూతురు సెమరాంగ్‌లో బట్టలు కుడుతుంది. ఆమె వచ్చి చెప్పింది, మార్చిలో మీ ఆసుపత్రిలోనే ఒక పిల్లవాడు టాన్సిల్స్ తీయించుకోవడానికి వచ్చి తిరిగి వెళ్ళలేదని. అత్తగారికి ఇంకా తెలియదు.

నిజమేనా? ఆ పిల్లవాడిని ఎవరు పట్టుకున్నారు? ఒక్క మాటలో రాయి చాలు.

రుస్మిని


సెమరాంగ్,
13 జూన్ 1971

రుస్మినీ,

బట్టలు కుట్టేవాళ్ళకి నోరు ఊరుకోదు. ఆసుపత్రి అన్నాక రోజుకో కథ పుడుతుంది. నువ్వు వాటిని పట్టించుకోకుండా పిల్లని తీసుకురా. జలుబు చెయ్యకుండా చూసుకో, జలుబు ఉంటే వాయిదా వేస్తారు.

వుర్యాని


సెమరాంగ్,
16 జూన్ 1971

రుస్మినీ,

మొన్నటి ఉత్తరం చింపెయ్యి. 

నిజమే. మార్చి 17 బుధవారం. పట్టుకున్నది నేనే.

బగ్యొ వాడి పేరు. ఐదేళ్ళు. దెమాక్ నుంచి నాయనమ్మతో వచ్చాడు. ఆ రోజు పదకొండుమంది, వాడు తొమ్మిదోవాడు. దుప్పట్లో చుట్టి ఒళ్ళో పెట్టుకున్నాను. ఏమైనా తిన్నాడా అని నేను ముసలావిడని అడిగాను, వాడిని అడగలేదు. "మంచినీళ్ళు కూడా ముట్టలేదమ్మా" అంది. వాడి పెదవి మూల మరక ఉంది. తాటిబెల్లం వాసన వచ్చింది. నేను చూశాను రుస్మినీ. చూసి, ఏప్రన్‌తో తుడిచేశాను. రాత్రి తిన్నదై ఉంటుందిలే అనుకున్నాను. లోపలినుంచి డాక్టరుగారు తర్వాతివాడిని పిలుస్తున్నారు. వెనక ఇంకా ఇద్దరు ఏడుస్తున్నారు.

మత్తు ఎక్కుతుండగానే కక్కుకున్నాడు. ఎర్రజావ. అది ఊపిరిలోకి వెళ్ళిపోయింది. తల కిందికి వంచాం, వేలు పెట్టి తోడాం, గొట్టం వేసి లాగాం. వాడు నా ఒళ్ళోనే నీలంగా అయిపోయాడు. తర్వాత నేను బయటికి వస్తే ముసలావిడ గోడకి ఆనుకుని, "రెండు చెంచాలే పెట్టాను, రెండు చెంచాలే" అని గొణుగుతోంది. కత్తి ముందుకి ఖాళీ కడుపుతో పంపకూడదని, దీవెన జావ కడుపులో ఉంటే కాపాడుతుందని పెట్టింది. ఆ మాట నేనొక్కదాన్నే విన్నాను.

డాక్టరుగారికి మరక సంగతి చెప్పలేదు. చెప్తే ఆ ముసలామెని అందరూ తప్పుపడతారని ఊరుకున్నానని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది అబద్ధం. నన్ను తప్పుపడతారనే ఊరుకున్నాను.

మీ అత్తగారిని ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందా? అసలు సంగతి చెప్పకుండానే ఆవిడని ఆపుదామనుకున్నాను. కానీ ఆవిడ రాకపోయినా జావ రావచ్చు కదా, అరిటాకు పొట్లంలో, నీ సంచిలో. నీకు తెలియకపోతే నువ్వే నీ చేత్తో తినిపిస్తావు. అందుకే రాస్తున్నాను.

ఆపరేషన్ మంచిదే. మీ పిల్లకి అది కావాలి. ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

వుర్యాని


రెంబాంగ్,
23 జూన్ 1971

అక్కయ్యా,

మేం రావడం లేదు.

పిల్ల గురక పెట్టినా నా పక్కనే ఉంటుంది. చెవులు వినిపించకపోతే పోనీ, నేను దాని ఎదురుగా కూర్చుని బతికినంతకాలం మాట్లాడతాను. ఈ ఒళ్ళో ఎన్ని వందల మందో లెక్క లేదని రాశావు. ఆ చేత్తోనే రాశావు. ఒక్కడి లెక్క మాత్రం నీ దగ్గర ఉంది, అది దాచావు. జుమిరా కూతురు చెప్పకపోతే ఎప్పటికీ చెప్పేదానివి కాదు.

చేపలు పంపాను. అవి ముందే కట్టి ఉన్నాయి.

రుస్మిని


సెమరాంగ్,
30 జూన్ 1971

రుస్మినీ,

డాక్టరుగారికి చెప్పేశాను. అంతా విని, కళ్ళద్దాలు తీసి, ఇప్పుడెందుకు చెబుతున్నావని అడిగారు. నా చెల్లెలి కూతురు ఉందని చెప్పాను. తిట్టలేదు. తిడితే బాగుండేది. మర్నాడు నన్ను వార్డునుంచి దుప్పట్ల గదికి మార్చారు. లెక్కపెట్టి మడతలు పెట్టడం పని.

ఇప్పుడు ఒళ్ళో పట్టుకునేది నూరియా అనే అమ్మాయి. వయసు తక్కువ, చేతులు మంచివి. ఆగస్టు 4కి పిల్ల పేరు రాయించాను, రెండు పేర్లూ రాయించాను. నా మొహం చూడటం ఇష్టం లేకపోతే బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. నేను కింద గదిలోంచి బయటికి రాను. నా మీద కోపంతో పిల్ల చెవులు పోగొట్టకు. నువ్వు దాని ఎదురుగా కూర్చుని ఎంతకాలం మాట్లాడతావు? వీధిలో వెనకనుంచి లారీ వస్తే అది నీ పెదవులు చూస్తుందా?

వుర్యాని


రెంబాంగ్,
14 జూలై 1971

అక్కయ్యా,

నీ ఉత్తరాలు ఆయనకి దొరికాయి. నేను దాచిన చోటు అంత గొప్పదేమీ కాదు. చదివి, వాళ్ళమ్మని కూర్చోబెట్టి, బగ్యొ సంగతంతా వినిపించారు. నేను వంటింట్లో ఉన్నాను. ఆవిడ అరుస్తుందని, నిన్ను నానా మాటలంటుందని, ఇక ఆపరేషన్ మాట ఈ ఇంట్లో ఎత్తనివ్వదని అనుకున్నాను.

అవేమీ జరగలేదు.  సాయంత్రం ఆవిడ అన్నం దగ్గరికి రాలేదు. మర్నాడు పొద్దున నా దగ్గరికి వచ్చి, "నేనూ పెట్టేదాన్నే" అంది. ఏం పెట్టేదానివని అడిగాను. "జావ. తాటిబెల్లం అప్పుడే దాచి పెట్టాను. నువ్వు చూస్తే వద్దంటావని నడికట్టులో కట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. ఆసుపత్రివాళ్ళు అడిగితే ముట్టలేదనే చెప్పేదాన్ని. మీ అక్క రాయకపోతే ఈపాటికి నేను ఆ దెమాక్ ముసలిదాన్ని అయ్యుండేదాన్ని." అంతసేపు ఆవిడ నా మొహం చూడలేదు. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఇన్నేళ్ళలో అదే మొదలు.

ఆగస్టు 4కి వస్తున్నాం, ముగ్గురం. ముందురోజు సాయంత్రం నుంచి పిల్లతో పాటు తనూ పస్తు ఉంటానంటోంది. తన చేతులు నా కళ్ళెదుటే ఉండాలని షరతు కూడా తనే పెట్టింది.

నాదీ ఒక షరతు. నూరియా నాకు తెలియదు. ఆ అమ్మాయి చేతులు ఎంత మంచివైనా, పెదవి మీద మరక చూసి ఏమనుకుంటుందో నాకు తెలియదు. నువ్వేం చేస్తావో ఇప్పుడు తెలుసు. డాక్టరుగారి కాళ్ళు పట్టుకుంటావో, దుప్పట్లన్నీ వీధిలో పారేస్తావో నీ ఇష్టం, ఆ రోజుకి నువ్వే పట్టుకోవాలి. లేకపోతే పిల్లని ఇవ్వను.

నా కోపం పోలేదు. అది వేరే.

రుస్మిని


సెమరాంగ్,
13 ఆగస్టు 1971

చెల్లీ,

మీరు ఐదు రోజులు ఇక్కడే ఉన్నా నీతో చెప్పలేకపోయినవి ఇప్పుడు రాస్తున్నాను. 

బతిమాలితే డాక్టరుగారు ఆ ఒక్క రోజుకి ఒప్పుకున్నారు. ఆ పొద్దున నీ చేతుల్లోంచి తీసుకున్నప్పుడు పిల్ల నా పెదవులవైపు చూసింది. ఏమైనా తిన్నావా అని దాన్నే అడిగాను, మెల్లగా, నోరు తెరిచి. తల అడ్డంగా ఊపింది. నోరు తెరిపించి చూశాను, నాలుక కింద చూశాను, వాసన చూశాను. మళ్ళీ చూశాను. డాక్టరుగారు ఆగారు. ఎంతసేపైనా ఆగేలాగే నిలబడ్డారు.  పిల్ల దుప్పట్లోంచి వేళ్ళు ఎలా తీసిందో తీసి నా ఏప్రన్ పట్టుకుంది. అప్పుడు సరేనని డాక్టరుగారికి తల ఊపాను. గుడ్డ పెట్టారు. తర్వాత జరిగినదంతా నీకు తెలిసిందే. అది లేచి ఏడ్చినప్పుడు నువ్వు తలుపు అవతల ఉన్నావు, నేను ఇవతల ఉన్నాను, ఇద్దరం ఏడ్చాం.

నన్ను మళ్ళీ వార్డులోకి తీసుకోలేదు. బుధవారాలు మాత్రం రమ్మన్నారు, పిల్లల నోళ్ళు చూడటానికి. ఒళ్ళో పట్టుకోవడానికి నూరియా ఉంది. పోయిన ఆదివారం దెమాక్ వెళ్ళాను. ఇల్లు కనుక్కున్నాను. వాకిట్లో ముసలావిడ బియ్యం ఏరుతోంది. నేనూ మరక చూశానమ్మా అని చెప్పాను.  ఆవిడ లేచి ఇంకో చేట తెచ్చి నా ముందు పెట్టింది. చీకటిపడేదాకా ఇద్దరం ఏరాం. క్షమించిందో లేదో నాకు తెలియదు. మళ్ళీ వెళ్తాను.

పిల్లకి ఇంకో వారం కారం పెట్టకండి. రక్తం కనిపిస్తే ఒక్క క్షణం ఆగకుండా బస్సెక్కించు. చెవుల కోసం తొందరపడి రోజూ పరీక్షలు పెట్టకు. వాటంతట అవే తెరుచుకుంటాయి.

వుర్యాని


రెంబాంగ్,
19 సెప్టెంబరు 1971

అక్కయ్యా,

రక్తం లేదు, జ్వరం లేదు. గురక పోయింది. మొదటి వారం నిశ్శబ్దంగా నిద్రపోతుంటే భయం వేసి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. నోరు మూసుకుని తింటోంది. అన్నం రెండోసారి అడుగుతోంది.

చెవులు నువ్వు చెప్పినట్టే తెరుచుకున్నాయి, ఒక్కసారిగా కాదు. ముందు కోళ్ళు, తర్వాత పడవ ఇంజన్లు, తర్వాత మేం. మేం గట్టిగా మాట్లాడితే చెవులు మూసుకుంటోంది. ఈయన ఇంకా అలవాటు కొద్దీ నోరంతా తెరిచి ఒక్కొక్క మాటే చెబుతుంటే, "నాన్నా, నీకేమైంది" అని అడిగింది. మాస్టారు దాన్ని ముందు బల్లకి మార్చారు. పరీక్షకి కూర్చోబెడతానన్నారు. పేరు సంగతి తేలలేదు, రెండు పేర్లకీ పలుకుతోంది.

ఇప్పుడు చెప్పేది నీకు ఏ ఉత్తరంలోనూ రాయలేదు. కొట్టానని రాశాను, ఇది రాయలేదు. ఈ రెండేళ్ళూ మేం దాని గురించి దాని ఎదురుగానే మాట్లాడుకునేవాళ్ళం. వినిపించదని కాదు, అర్థం కాదని. మొద్దు అనేవాళ్ళం. ఆ మొద్దుకి అన్నం పెట్టు, ఆ మొద్దుదాన్ని లోపలికి పిలు. అందరికంటే ఎక్కువ నేనే అనేదాన్ని. అది వేరే పేరులా అయిపోయింది మా ఇంట్లో.

మొన్న అరుగు మీద అత్తగారు, జుమిరా, నేను చేపలు తోముతున్నాం. పిల్ల మా వైపు వీపు పెట్టి కూర్చుని గవ్వలు పేరుస్తోంది. జుమిరా ఎప్పటిలాగే, గొంతు కూడా తగ్గించకుండా, "ఇంతకీ ఈ మొద్దుని మళ్ళీ బడికి పంపుతున్నారా?" అంది. నేను అవునని కూడా అన్నాను. తర్వాతే తెలిసింది ఏం జరిగిందో. గవ్వల చప్పుడు ఆగిపోయింది.

అది మెల్లగా వెనక్కి తిరిగింది. పెదవులు చూడలేదు, కళ్ళు చూసింది. "మొద్దు అంటే నేనా?" అని అడిగింది. చాలా చిన్న గొంతుతో, ఇప్పుడు అది అలాగే మాట్లాడుతోంది.

 కాదని చెప్పాలి. కానీ ఆ మాట ఎక్కువగా అన్న నోరు నాదే అయినప్పుడు ఎలా చెప్పను? జుమిరా చేపబుట్ట తీసుకుని లేచిపోయింది. అత్తగారు కత్తి పక్కన పెట్టింది, చెయ్యి బట్టకి తుడుచుకుంది. "నువ్వు కాదు తల్లీ. అది నేను" అంది.

పిల్ల ఆవిడని కాసేపు చూసింది. నమ్మినట్టే ఉంది. లేచి వెళ్ళి ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి, ఎవరూ వినకుండా చెప్పాలన్నట్టు చెవి దగ్గర నోరు పెట్టింది. నాకు వినిపించింది.

"అయితే నువ్వూ ఆపరేషన్ చేయించుకో నాన్నమ్మా. పెద్దమ్మ ఒళ్ళో కూర్చో. గట్టిగా పట్టుకుంటుంది."

రుస్మిని